‘ఖాళీ’ అనే ఫోల్డరు

వంటింటి బల్ల దగ్గర నుంచి,
మంగళవారం

పిచ్చుకా,

పోయిన ఉత్తరంలో “పెద్దమ్మమ్మ పాపం గొంతు పోగొట్టుకుంది కదా” అని రాశావు. దిద్దుకో. పోగొట్టుకోవడానికి అదేమీ గొడుగు కాదు. గొంతులో పుండు లేచింది, డాక్టర్లు కోసి తీసేశారు. ఏం తియ్యబోతున్నారో ముందే చెప్పి, సంతకం పెట్టించుకుని మరీ తీశారు. మా అక్క ఆ కాగితం రెండుసార్లు చదివి, అందులో ఒక వాక్యానికి తలా తోకా లేదని డాక్టరుకు చూపించి, ఆయన చేత సరిచేయించి, అప్పుడు సంతకం చేసింది. కాబట్టి ఆ మాట ఇంకెక్కడా రాయకు. తను చూసిందంటే చేతిలో బలపం విరుగుతుంది.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటి, అమ్మమ్మకు చాదస్తం ముదిరింది అనుకుంటున్నావేమో. డాక్టర్లు తీసింది గొంతునే, చెవుల్ని కాదు. ఉన్నవి రెండు గదులు. ఒక గదిలో నేను నీతో గుసగుసలాడితే రెండో గదిలోంచి పలక మీద జవాబు వస్తుంది. ఫోన్‌లో టైపు చెయ్యవచ్చు కదా అని అడిగాను ఒకసారి. పలకైతే తుడిచేశాక నువ్వు సాక్ష్యం చూపించలేవు అని రాసి, వెంటనే తుడిచేసింది.

అసలు సంగతికి వస్తాను. మీ స్టూడియో భవనం ఖాళీ చేస్తున్నారు, పాత యంత్రాన్ని చెరిపేసి అమ్మేస్తారు అని ఒక్క వాక్యం రాసి, ఊపిరి తీసుకోకుండా నీ గదిలో దోమల మీదకు వెళ్లిపోయావు. నాకు దోమలు అక్కర్లేదు. చూపులేనివాళ్ల కోసం అక్క ఏళ్ల తరబడి ఆ గాజు గదిలో కూర్చుని పుస్తకాలు చదివింది. అదంతా ఆ యంత్రంలోనే ఉంది. ఇప్పుడు తన గొంతు భూమ్మీద ఉన్న చోటు అదొక్కటే. దాన్ని కొత్త యంత్రంలోకి ఎవరు మారుస్తున్నారు, ఎలా మారుస్తున్నారు? నువ్వేనా? అయితే నాకు అర్థమయ్యేలా రాయి. కాలేజీలో లెక్కలు చెప్పిన దాన్ని, మరీ మట్టిబుర్రను కాను.

అక్కకు ఈ సంగతి ఇంకా తెలియదు. తెలియనివ్వకు.

అమ్మమ్మ

*

స్టూడియో వెనక మెట్ల మీద నుంచి,
శుక్రవారం

అమ్మమ్మా,

దిద్దుకున్నాను. ఇంకెప్పుడూ రాయను.

మార్చేది నేనే. కంగారుపడకు. అర్థమయ్యేలా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. యంత్రంలో ఫోల్డర్లంటే అరలు. అరలో అర, అందులో ఇంకో అర, అన్నిటికంటే లోపల ఫైళ్లు. ఒక్కో పుస్తకానికి వందల ఫైళ్లుంటాయి, పేజీకో ముక్క. ఏ పుస్తకానికి ఏ ఫైళ్లో మా దగ్గర రాసి ఉంది. ఒక్కో ఫైలూ విడిగా మారిస్తే చిందరవందరైపోతుంది. అందుకని పుస్తకం మొత్తం ఏ అరలో ఉందో కనిపెట్టి, ఆ అరను అలాగే ఎత్తి కొత్త యంత్రంలో పెట్టాలి.

ఆ అరను కనిపెట్టడానికి నేనో చిన్న పనిముట్టు రాశాను. పేరు ‘ఉమ్మడి’. దానికి బొమ్మలూ బటన్లూ లేవు. నల్లటి తెర మీద ‘ఉమ్మడి’ అని కొట్టి, పక్కన ఫైళ్ల చిరునామాలిచ్చి, ఎంటర్ నొక్కడమే. ఆ ఫైళ్లన్నిటినీ కలిపి పట్టే అరల్లో అన్నిటికంటే దగ్గరి అర ఏదో ఒక్క లైనులో చెబుతుంది. అంతకు మించి ఒక్క మాట మాట్లాడదు. నీకు నచ్చుతుంది.

అది చెప్పిన అరను ఇంకో ప్రోగ్రాము ఎత్తుకెళ్తుంది. వాళ్లవీ వీళ్లవీ చాలా పుస్తకాలు ఇప్పటికే వెళ్లిపోయాయి. మేనేజరుగారు నా వెనక నిలబడి చూసి “ఇంత చిన్నదా?” అన్నారు. మెచ్చుకున్నారో వెక్కిరించారో తెలియలేదు.

ఇక్కడ ఒకటే వాన. గోడలు చెమ్మగిల్లి సున్నం రాలుతోంది. నిన్న పైకప్పు కారి నా బల్ల మీద పడితే బకెట్టు పెట్టాం. ఆ టపటప చప్పుడుకి పక్కగదిలో రికార్డింగు ఆపాల్సి వచ్చింది. గొడుగు ఆరదు, చెప్పులు ఆరవు. ఈ వానల్లో లారీలు ఎలా వస్తాయో.

పెద్దమ్మమ్మ పుస్తకాలు కూడా వరుసలో ఉన్నాయి.

నీ పిచ్చుక

*

వంటింటి బల్ల,
బుధవారం

పిచ్చుకా,

వాన బాగా వర్ణించావు. అంతసేపు వాన గురించి రాసేవాళ్లు ఏదో దాస్తున్నారని అర్థం. “వరుసలో ఉన్నాయి” అన్నావు. “క్షేమంగా వెళ్లాయి” అనలేదు. పరీక్షలో ఒక లెక్క వదిలేసి మిగతా కాగితమంతా ముత్యాల్లాంటి చేతిరాతతో నింపే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. వదిలేసిన లెక్క ఏమిటో చెప్పు.

ఈలోపు ఇక్కడ దాచినది దాగలేదు. మొన్న ఫోన్ మోగితే ఎత్తి “హలో” అన్నాను. అవతలినుంచి ఒక పెద్దాయన “నమస్కారం అమ్మా, చివరి అధ్యాయం ఎప్పుడు ఇస్తారు?” అన్నాడు. చూపులేదట, కుర్చీలు అల్లుతాడట, అక్క చదివినవన్నీ వింటూ అల్లుతాడట. అక్క చదువుతూ చదువుతూ ఆసుపత్రికి వెళ్లిపోయిన ఆఖరి నవల ఉంది చూడు, దాని చివరి అధ్యాయం కోసం ఎదురుచూస్తున్నాడు. నేను చెల్లెల్ని, తను కాదు అంటే నమ్మడు. “మీ గొంతు నాకు తెలియదా అమ్మా” అని నవ్వుతాడు. చెవులతో బతికే మనిషి. అతనే పొరబడితే నేనేం చెప్పను.

అతని గొంతు మాత్రం వీధి చివరికి వినపడుతుంది. “యంత్రం చెరిపేస్తున్నారట, మీ పుస్తకాలు ఉంటాయా పోతాయా?” అన్నాడు. వెనక్కి తిరిగితే గుమ్మంలో అక్క.

అప్పటినుంచి తనకు కాలు నిలవడం లేదు. ఆ గది నుంచి ఈ గదికి, ఈ గది నుంచి కిటికీకి. సొరుగులు లాగుతుంది, మూస్తుంది. కూర్చుంటే చెంచాతో బల్ల మీద కొడుతుంది. పలక మీద ఒకటే ప్రశ్న, “నా పుస్తకాలు?” అన్నీ భద్రంగా వెళ్లాయని చెప్పాను. నా మొహం చూసి పలక తుడిచి, మళ్లీ అదే రాసింది.

నన్ను అబద్ధాలకోరును చేశావు. ఇప్పుడు నిజం రాయి.

అమ్మమ్మ

*

స్టూడియో, బకెట్టు పక్కన,
ఆదివారం

అమ్మమ్మా,

సరే. విను.

పెద్దమ్మమ్మ పుస్తకాలు ఒక్కటీ కదలలేదు. మిగతావాళ్ల పుస్తకం ఏది ఇచ్చినా ‘ఉమ్మడి’ చక్కగా దాని అర పేరు చెబుతుంది. తనది ఏది ఇచ్చినా ఒకటే జవాబు, మొత్తం డిస్కు పేరు. అంటే బీరువాలో ఏ అర అని అడిగితే “బీరువా” అన్నట్టు. మొత్తం డిస్కును ఎత్తుకెళ్లే వీలు లేదు కాబట్టి రెండో ప్రోగ్రాము వాటిని పక్కన పెట్టేస్తోంది. చెరిపేసేనాటికి పక్కన పెట్టినవి పక్కనే ఉండిపోతాయి. నిద్ర పట్టలేదు నాకు. పనిముట్టులో తప్పుందని మొత్తం మళ్లీ రాశాను. మళ్లీ అదే జవాబు.

చివరికి దొరికింది. నేను తెరిచి చూసిన తన ప్రతి పుస్తకంలోనూ ఒక్క ఫైలు మాత్రం మిగతా వాటితో కాకుండా ఎక్కడో దూరంగా, వేరే అరలో ఉంది. ఆ అర పేరు ‘ఖాళీ’. తెరిచి విన్నాను. ఏమీ లేదు. నిజంగానే ఖాళీ. మేనేజరుగారికి వినిపిస్తే “శూన్యాన్ని మోసుకెళ్లడానికి కూడా లారీ కావాలా?” అన్నారు.

అందుకని ‘ఉమ్మడి’కి ఒక నియమం చేర్చాను. దూరంగా ఒంటరిగా ఉన్న ఫైలును లెక్కలోకి తీసుకోకు, అని. అంతే, ఠక్కున అన్ని పుస్తకాలకూ అరలు దొరికాయి. ఒక్క పూటలో అన్నీ వెళ్లిపోయాయి. వచ్చేవారం యంత్రం చెరిపేస్తారు. పని అయిపోయిందని చెప్పేశాను.

సంతోషించాలి కదా. ఎందుకో స్థిమితంగా లేదు. బకెట్టులో చుక్క పడినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను. పెద్దమ్మమ్మకు అన్నీ వెళ్లాయని చెప్పు, ఇప్పుడది అబద్ధం కాదు. మిగతాది చెప్పకు.

పిచ్చుక

*

వంటింటి బల్ల,
బుధవారం, కొరియర్ కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉండగా

పిచ్చుకా,

నీ ఫోన్ ఆపేసి ఉంది. ఆఫీసుకు చేస్తే మీ మేనేజరు ఎత్తి “రికార్డింగు జరుగుతోంది” అని గుసగుసగా చెప్పి పెట్టేశాడు. రెండోసారి ఎత్తలేదు. అందుకని ఇది.

నీ ఉత్తరం అక్కకు చూపించాను. చెప్పకు అన్నావు, చెప్పలేదు, చదవమని ఇచ్చాను. చదువుతూ చదువుతూ ‘ఖాళీ’ అన్న చోట ఆగింది. పలక అందుకుని రాయడం మొదలుపెట్టింది. రాసింది, తుడిచింది, రాసింది. బలపం విరిగింది. విరిగిన ముక్కతోనే రాసింది. నేను కూడదీసుకున్నది ఇదీ.

పుస్తకం మొదలుపెట్టే ముందు అక్క ఆ గాజు గదిలో కూర్చుని, ఫ్యాను ఆపించి, అందర్నీ ఊరుకోమని, ఒక నిమిషం పాటు ఆ గదిని రికార్డు చేసేది. ఊరికే గదిని. చదివేటప్పుడు తప్పు దొర్లితే తరవాత దాన్ని తీసి సరైనది అతకాలి కదా. అతికిన చోట వట్టి మౌనం పెడితే చెవిలో గొయ్యి పడినట్టుంటుందట. చూపున్న మనకు తెలియదు. కుర్చీలల్లే ఆయనకు చెయ్యి ఆగిపోతుంది. అందుకని ఆ గది నిశ్శబ్దాన్నే అతుకుల మధ్య పరిచేది. ఎవరికి కావాలన్నా తీసుకోవచ్చని అన్నీ ఒకే చోట పెట్టింది. దానికి ‘ఖాళీ’ అని పేరు పెట్టింది కూడా తనే, నవ్వులాటకి. ఇప్పుడు నవ్వడం లేదు.

ఇంకో మాట. ఒంటరిగా ఉన్నది వదిలెయ్ అన్నావు. అది ‘ఖాళీ’ని మాత్రమే వదిలేసిందని నీకెవరు చెప్పారు? అక్క సవరణలు కూడా వేరే చోట దాచేదట. ఒక పుస్తకానికి ఒకటే సవరణ ఉంటే అదీ ఒంటరిదే. ఒక నవలలో తను పొరపాటున ఒక పేజీ దాటేసింది, తరవాత విడిగా చదివి పెట్టింది. ఆ పేజీలోనే కథలో పెద్దాయన చనిపోతాడు. అది రాకపోతే తరవాతి అధ్యాయంలో అందరూ ఎందుకు ఏడుస్తున్నారో వినేవాళ్లకు అర్థం కాదు.

ఇక నా పాఠం. పన్నెండు, పద్దెనిమిది, ముప్పై. వీటన్నిటినీ భాగించే అతి పెద్ద సంఖ్య, అదే గ.సా.భా., ఎంత? ఆరు. ఇప్పుడు ఏడును తెచ్చి పక్కన కూర్చోబెట్టు. ఒకటి అయిపోతుంది. ఆ ఒకటి తప్పా? తప్పు కాదు, నికార్సైన జవాబు. పనికిరాదు, అంతే. అప్పుడు తెలివైన పిల్ల ఏడును కిటికీలోంచి విసిరెయ్యదు. ఈ ఏడు ఇక్కడికి ఎందుకొచ్చింది అని అడుగుతుంది. నీ పనిముట్టు మొదటినుంచీ నిజమే చెప్పింది. నువ్వు దాని నోరు నొక్కి నీకు కావలసిన జవాబు చెప్పించావు.

ఆ యంత్రాన్ని చెరపనివ్వకు. అక్క కిటికీ దగ్గర నిలబడి కొరియర్ బండి కేసి చూస్తోంది, తనే తోలుకెళ్లేలా ఉంది.

అమ్మమ్మ

*

స్టూడియో, ఖాళీ అయిన హాలు నుంచి,
సోమవారం

అమ్మమ్మా,

ఫోన్ ఆపింది నేనే. నీ గొంతు వింటే “అంతా బాగుంది” అనలేను. అందుకు.

నీ కొరియర్ వచ్చేసరికి యంత్రం చెరిపే ఆయన వచ్చేశాడు. మేనేజరుగారితో కూర్చుని టీ తాగుతున్నాడు. ఉత్తరం నిలబడే చదివాను. నేరుగా వెళ్లి “సార్, పని అవలేదు” అన్నాను. “అయిందని నువ్వే కదమ్మా చెప్పావు” అన్నారు. “తప్పు చెప్పాను” అన్నాను. హాలంతా వినపడింది. ఆయన ఒకసారి గడియారం కేసీ, ఒకసారి నా కేసీ చూసి, వచ్చినాయనతో “ఇంకో కప్పు తాగండి, రేపు పెట్టుకుందాం” అన్నారు. అంత మంచివాడని నాకు తెలియదు. తరవాత నన్ను పక్కకు పిలిచి తిట్టిన తిట్లు మాత్రం ఉత్తరంలో రాయలేను.

నువ్వు చెప్పినట్టే అయింది. సవరణలు గుప్పెడు పుస్తకాలకు రాలేదు. చనిపోయే పేజీ కూడా. అన్నీ వెతికి పట్టుకెళ్లాను. ‘ఖాళీ’ని దాని అరతో సహా, మొత్తంగా, విడిగా తీసుకెళ్లాను. కొత్త యంత్రంలో ఒక్కొక్కటీ తెరిచి చూశాకే పాతదాన్ని చెరపనిచ్చాను. ‘ఉమ్మడి’లో నా నియమం పీకేశాను. ఇప్పుడది మొత్తం డిస్కు పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు ఊరికే చెప్పి ఊరుకోదు. ఏ ఫైలు వల్ల అంత పైకి ఎక్కాల్సి వచ్చిందో ఆ ఫైలు పేరు కూడా చెబుతుంది. వదిలెయ్యాలో వద్దో మనిషినే తేల్చుకోమంటుంది.

ఇంకొకటి ఉంది. మొదట ‘ఖాళీ’ విన్నప్పుడు కాసేపు విని, ఏమీ లేదని ఆపేశాను. ఈసారి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా విన్నాను. కొంచెంసేపటికి చెవి అలవాటుపడుతుంది అమ్మమ్మా. ముందు ఊపిరి వినిపించింది. తరవాత కుర్చీ కదిలినట్టు. దూరంగా ఎవరో తలుపు మెల్లగా మూస్తారు. నిమిషం నిండాక, చాలా దగ్గరగా, “సరే, చదువుదాం.”

పెద్దమ్మమ్మ గొంతు. ప్రతి దాని చివరా అదే మాట. ఒక్కోసారి హుషారుగా, ఒక్కోసారి జలుబుతో, ఒకసారి ఎవరి మీదో విసుగ్గా.

ఆఖరి నవలకు అలాంటివి రెండున్నాయి. మొదటిది పుస్తకం మొదట్లోది. రెండోది మా జాబితాకే ఎక్కలేదు, చివరి అధ్యాయం కోసం మళ్లీ చేసింది, అప్పటికి గది తలుపు మార్చారట. అందులో రెండుసార్లు దగ్గుంది. తరవాత “సరే” అంది. “చదువుదాం” అనలేదు. దాని తరవాత ఏ ఫైలూ లేదు.

ఈ కవర్లో చిన్న పెన్‌డ్రైవు పెట్టాను. రెండూ అందులో ఉన్నాయి. తనకు వినిపించాలో వద్దో నాకు తెలియలేదు. నువ్వే చూసుకో.

పిచ్చుక

*

వంటింటి బల్ల,
గురువారం

పిచ్చుకా,

వినిపించాను. వినిపించాలా వద్దా అని తేల్చుకునే అవకాశం నాకెక్కడిది, కవరు విప్పింది తనే.

ఏడుస్తుందేమోనని మంచినీళ్లు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కళ్లు మూసుకుని రెండూ చివరిదాకా వింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ వింది. తరవాత పలక తీసి తీరిగ్గా, అందమైన అక్షరాలతో రాసింది, “దగ్గు తీసెయ్యమను.”

అంతేనా అని అడిగాను. పలక తుడిచి రాసింది, “చివరి అధ్యాయం నువ్వు చదువు.”

నాకు నవలలు పడవు, నేను చదివితే వినేవాళ్లు సమాధానాల కాగితం అందించబోతారు అన్నాను. “కుర్చీలల్లే ఆయన తేడా పట్టలేదుగా” అని రాసింది. ఆయన విన్నది ఒక్క ఫోన్ పలకరింపు అన్నాను. “ఒక్క అమ్మ కడుపున పుట్టాం, ఇంకెన్ని కావాలి” అని రాసి, నేను జవాబు చెప్పేలోపు తుడిచేసింది. సాక్ష్యం లేదు, నన్ను నమ్మాలి.

రెండు రోజులుగా వంటింట్లో సాధన జరుగుతోంది. నేను చదువుతాను, తను ఎదురుగా చెంచా పట్టుకుని కూర్చుంటుంది. తొందరపడితే ఒక దెబ్బ. కామా మింగేస్తే రెండు. పాత్రలను దబాయిస్తున్నానట, అందుకు మూడు. ఇంతకాలం పిల్లలకు నేను చేసినదంతా ఇప్పుడు నాకు జరుగుతోంది. ఇప్పుడు అక్క ఇల్లంతా తిరగడం మానేసింది. నేను మొదలుపెట్టాను. రాత్రి లేచి ఒక పేరా పైకి చదువుకుంటూ తిరుగుతుంటే పక్కగదిలోంచి చెంచా మోగింది. నిద్రలో కూడా వింటుంది ఈ మనిషి.

అక్క “సరే” అని ఆగిన చోట నుంచి నేను మొదలుపెట్టాలట. మధ్యలో తన ‘ఖాళీ’ పరుస్తావట నువ్వు. అతుకు కనపడిందో, నీకు చెంచా దెబ్బలు తప్పవని చెప్పమంది. మొదలుపెట్టే ముందు నేను కూడా ఒక నిమిషం నోరు మూసుకుని కూర్చోవాలట. చదవడం సంగతి తరవాత, అది నీ వల్ల అవుతుందా అని అడిగింది.

గాజు గదిని ఇంకా పడగొట్టి ఉండరు. శనివారం ఇద్దరం అక్కడికి వస్తున్నాం, మీ మేనేజరును అడిగి తాళంచెవి తీసి ఉంచు. తిట్టిన తిట్లకు బదులుగా ఇమ్మను. ఫ్యాను స్విచ్చి ఎక్కడుందో ముందే చూసుకో. కారే చోట బకెట్టులో పాత తువ్వాలు వెయ్యి, చుక్క చప్పుడు రాకుండా. లోపల రెండు కుర్చీలు కావాలి, ఎదురెదురుగా, కిర్రుమననివి. కూర్చుని చూసి మరీ వేయించు. వచ్చేదారిలో ఒక పెట్టె బలపాలు కొను. లావువి తీసుకో, సన్నవి వద్దు. నేను తప్పు చదివినప్పుడల్లా విరుగుతాయి.

అమ్మమ్మ